ముప్పై ఒకటో బండి

ప్రొద్దుటూరు,
3 ఆగస్టు 2025

మున్వర్ మామూకు,
అస్సలాము అలైకుం.

మీకు ఫోన్ చేస్తే ఈ చెవిన కాసేపు, ఆ చెవిన కాసేపు పెట్టుకుని చివరికి "ఎవురమ్మా నువ్వు?" అని కట్ చేసేస్తారు. నలభై ఏళ్ళు ఇనుము మీద సుత్తి దెబ్బలు విన్న చెవులు, వాటిని అనేదేముంది. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం రాస్తున్నాను. ఈసారి కవరులో ఒక కాగితం ముక్క కూడా పెట్టాను. అది మీ చేతికే అందాలి.

తమ్ముడు ఫయాజ్ కారు పోయింది మామూ. పోయిన బుధవారం జమ్మలమడుగులో దోస్తు వలీమా విందుకు పోయాడు. ముద్దనూరు రోడ్డులో ఫంక్షన్ హాలు ముందు బండి పెట్టి, లోపల అన్నం తిని, పాన్ నోట్లో పెట్టుకుని బయటికి వచ్చేసరికి అక్కడ వేరే వాళ్ళ స్కూటర్ ఉంది.

ఎనిమిదేళ్ళు కువైట్‌లో ఆ అరబ్బు ఇంట్లో కార్లు తోలి, కార్లు కడిగి, అబ్బా పోతే జనాజాకు కూడా రాలేక కూడబెట్టిన డబ్బు అది. సెకండ్ హ్యాండ్‌దైనా వాని సొంత బండి. గల్ఫ్‌కు పోయేవాళ్ళను చెన్నై విమానానికి దించుతూ, బ్రహ్మంగారి మఠానికి ట్రిప్పులు కొడుతూ ఏడాదిగా ఇంటిపట్టున ఉన్నాడు. వాని బిడ్డ సమీరాకు ఆరేళ్ళు వచ్చాక నాయన మొహం అలవాటైంది. ఫుల్ ఇన్సూరెన్స్ జూన్‌లో అయిపోతే, ఈ పెళ్ళిళ్ళ సీజను పోనీలే అని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టాడు. బండి దొరక్కపోతే మళ్ళీ కువైటే గతి. పాత యజమాని సెప్టెంబరు పదిహేను లోపల వస్తే వీసా ఇస్తానన్నాడట. అమ్మీ ఆ మాట విన్నప్పటి నుంచి నోట్లో ముద్ద పెట్టలేదు.

వాహన రక్షణ సెల్‌కు పోయాం. మీకు తెలుసు కదా, బండి రిజిస్టరు చేసినా, పేరు మార్చినా ఐదు వందలు రక్షణ నిధి కట్టాలని మన మూడు ఊళ్ళకూ పెట్టారు. బండ్ల దొంగతనాలు ఆపడానికట. మా రవాణా ఆఫీసులో ఆ ఐదు వందలు కట్టించుకునే కౌంటర్లో కూర్చునేది నేనే. చీనీ తోటల రైతులు "ఇదేం కొత్త పీడమ్మా" అని గొణిగితే, "మీ బండి మీ ఇంటి ముందు ఉండడానికే పెద్దాయనా" అని చదువు చెప్పిన నోరు నాది. ఫయాజ్ దగ్గర కూడా కట్టించుకున్నాను. "తమ్ముని దగ్గర కూడానా ఆపా?" అని నవ్వాడు.

మైదుకూరు రోడ్డులో మేడ మీద సెల్ ఆఫీసు. ఏసీ, సోఫాలు, గోడంతా ఫ్లెక్సీ: మీ వాహనం, మా ప్రాణం. సుబ్బరాయుడు అనే ఆయన ఉగ్గాని, బజ్జీ తింటూ మా ఫిర్యాదు తీసుకున్నాడు. నూనె చేత్తోనే తీసుకున్నాడు. కాగితం మీద వేలిముద్రలు పడ్డాయి. ఫయాజ్ ఏడుపు ఆపుకుంటుంటే, "ఏందప్పా, ఇంత మొగోనివి కారు కోసం ఏడుస్తాండావు? ఎతుకుతాం గానీ మా జీపుకు డీజిల్ యాడిది? నువ్వు పోయించుకుంటే ఈ పక్క ఆ పక్క తిరిగొస్తాం" అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా.  ఫయాజ్ రెండు వేలకు డీజిల్ పోయించాడు కూడా.

బండి పేరు మార్పించినప్పుడు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసింది నేనే. రెండు తీశాను, ఒకటి ఫైలుకు, ఒకటి ఇంటికి. ఇంట్లోదే మీకు పంపిస్తున్నాను. పులివెందుల షెడ్లన్నీ మీకు తెలిసినవే. ఎక్కడైనా ఈ నంబరు కంటపడితే ఒక్క ముక్క రాయండి మామూ. మీ మీదే ఆశ.

మీ బిడ్డ,
నౌషీన్


పులివెందుల,
10 ఆగస్టు 2025

బిడ్డ నౌషీన్‌కు మామూ దువాలు.

నీ ఉత్తరం బుధవారమే చేరింది. జవాబు రాయడం ఆలస్యమైంది. చేతికి కొంచెం నొప్పి.

బండి దొంగలకు పురుగులు పడతాయి. ఒకని ఎనిమిదేళ్ళ చెమట ఎత్తుకుపోయి అన్నం ఎట్లా తింటారో. ఆ సెల్ వాళ్ళ గురించి రాశావు. ఆఫీసు అన్నాక అంతే బిడ్డా, వాళ్ళతో గొడవ పెట్టుకోవద్దు. నీది కాంట్రాక్టు ఉద్యోగం, ఒక్క ఊపు ఊపితే రాలిపోతుంది. ఫయాజ్‌ను కూడా పదేపదే అక్కడికి పోవద్దని చెప్పు.

షెడ్లన్నీ విచారించాను. అట్లాంటి బండి ఈ పక్కకు రాలేదు. దొంగబండ్లు ఇక్కడెందుకు ఉంటాయి, ఆ పొద్దే కర్ణాటకకు దాటిపోతాయి. పోయింది పోయినట్టే అనుకోవడం మంచిది. కువైట్ యజమాని తెలిసినవాడే కదా, జీతం ఠంచనుగా ఇచ్చేవాడే కదా. ఇంకో రెండేళ్ళు పోతే ఇంతకంటే మంచి బండి కొంటాడు. మీ అమ్మీ సైదున్నీసాకు నేను చెప్పానని చెప్పు, తిండి మానేస్తే పోయిన బండి తిరిగిరాదు.

ఆ ప్రింటు భద్రంగా పెట్టాను. అది నాకు పంపినట్టు ఎవరికైనా చెప్పావా? చెప్పకుంటే చెప్పొద్దు. ఆఫీసు ఫైల్లో ఉన్నది కూడా తీసి దాచిపెట్టు. అట్లాంటివి దొంగల చేతికి పోతే దొంగ కాగితాలు పుట్టిస్తారు.

ఇక్కడ వానల్లేవు. చీనీకాయలు మాత్రం ఈసారి మంచి తీపి. బస్సులో ఒక మూట పంపిస్తాను.

మామూ,
మున్వర్


జమ్మలమడుగు,
27 ఆగస్టు 2025

మున్వర్ మామూకు,
అస్సలాము అలైకుం.

ఫయాజ్‌ను వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాను. ఇది నాలుగోసారి. పోలీసు స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల వాళ్ళు "సెల్‌కు పోండి" అంటారు, సెల్ వాళ్ళు "స్టేషన్‌కు పోండి" అంటారు. ఇద్దరి మధ్యా మా చెప్పులరుగుతున్నాయి.

ఫంక్షన్ హాలు సర్కిల్లో రక్షణ నిధితో పెట్టిన కెమెరా స్తంభం ఉంది. దాని మీద ఎంత ఖర్చయిందో, ఎవరు ప్రారంభించారో పెద్ద పలక. ఫయాజ్ పక్క అంగడి నుంచి నిచ్చెన తెచ్చి ఎక్కి చూశాడు. డబ్బాలో కెమెరా లేదు, కందిరీగల గూడుంది. చెవి మీద కుట్టించుకుని దిగాడు. అంగడాయన నవ్వుతూ, "యాన్నుంచి వస్తాది కెమేరా? స్తంభం పాతిననాటి నుంచి అట్లనే ఉండాది. మొన్న అవగాహన సదస్సు అని ఈడనే శాలువాలు కప్పుకున్యారు, బిర్యానీ తినిపోయినారు" అన్నాడు. అవి కూడా నేను వసూలు చేసిన ఐదు వందలేనని ఆయనకు చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

సిగ్గుకంటే పెద్ద విషయం ఒకటి ఉంది. పోయిన వారం ఆ నిధి లెక్క టైపు చేయమని నాకే ఇచ్చారు. ఆగస్టు పదిహేను దాకా ఖర్చులు. శాలువాలు, ఫ్లెక్సీలు, డీజిల్ అన్నీ ఉన్నాయి. ఆ కింద ఒక పద్దు: "తుప్పు పట్టిన చాసిస్ నంబర్ల పునర్ముద్రణ, ముప్పై ఒక్క బండ్లు." ముప్పై ఒకటోది ఆగస్టు రెండు, శనివారం. ఫయాజ్ కారు పోయిన మూడో రోజు.

దొంగతనాలు ఆపే వాళ్ళకు నంబర్లు మళ్ళీ కొట్టించే పనేమిటి మామూ? మామూలుగా ఎవరి బండికి తుప్పు పడితే వాళ్ళే అర్జీ పెట్టుకుని, వాళ్ళే ఖర్చు పెట్టుకుని కొట్టించుకుంటారు. ఆ అర్జీలు మా ఆఫీసుకు రావాలి. ఒక్కటీ రాలేదు, నేను రిజిస్టరు చూశాను.

ఈ మూడు ఊళ్ళకూ నంబర్లు కొట్టడానికి డిపార్ట్‌మెంట్ అనుమతి ఉన్నది మీ ఒక్కరికే. ఆ ముప్పై ఒక్క బండ్లు మీ దగ్గరికే వచ్చి ఉండాలి. ఎవరు తెచ్చారు? ఏ కాగితాలతో తెచ్చారు? మీకు అనుమానం రాలేదా?

ఫయాజ్ మెడికల్ అయిపోయింది. టికెట్ సెప్టెంబరు పద్నాలుగుకు. ఇంకా పద్దెనిమిది రోజులుంది. బండి దొరికితే రద్దు చేసుకుంటానని ఏజెంటుకు చెప్పి పెట్టాడు. తొందరగా రాయండి.

మీ బిడ్డ,
నౌషీన్


పులివెందుల,
2 సెప్టెంబరు 2025

నౌషీన్‌కు,

పెద్దవాళ్ళను నిలబెట్టి అడిగేంత దానివయ్యావు. సంతోషం.

సీలు, సంతకం ఉన్న లెటర్ వస్తుంది, నేను కొడతాను. తెచ్చినవాడు ఎవడు, వాని అబ్బ ఎవడు అని అడగడం నా పని కాదు. బండిని నేను చూడను. నంబరే చూస్తాను. ఈ పనితోనే మీ అమ్మీ పెళ్ళి చేశాను, మీ అబ్బా పోయినప్పుడు ఆరు నెలలు మీ ఇల్లు నడిపాను. అప్పుడు ఎవరూ ఏ కాగితమని అడగలేదు.

ఆ లెక్క నువ్వు చూసినట్టు నోరు తెరవొద్దు. ఫయాజ్‌ను సక్రమంగా పోనీ. ఖర్చులకు పది వేలు మనియార్డర్ చేస్తున్నాను. చీనీకాయల మూట కూడా బస్సులో వేశాను, కండక్టరు దగ్గర తీసుకోండి.

మున్వర్


ప్రొద్దుటూరు,
16 సెప్టెంబరు 2025

మున్వర్ మామూకు,

మీ పది వేలు తీసుకోలేదు. పోస్ట్‌మన్ తిప్పి పంపిస్తాడు. చీనీకాయలు కండక్టరుకే వదిలేశాను.

ఫయాజ్ మొన్న పోయాడు. పెట్టె మీద పేరు రాస్తుంటే సమీరా పక్కన కూర్చుని స్పెల్లింగ్ చెప్పింది. బస్సు కదిలాక కూడా అది ఏడవలేదు, "ఈసారి ఎప్పుడొస్తావో రాసి ఇచ్చిపో" అని అడిగింది. వాడు రాయలేకపోయాడు. బస్సెక్కే ముందు నాతో ఏమన్నాడో తెలుసా? "మామూ శానా ఎతికినాడంట కదా ఆపా. పాపం, ఆ వయసులో. ఆయప్పకు కోపం తెప్పించేటట్టు ఏం రాయొద్దు."

అందుకే వాడు పోయేదాకా ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

నాకు రోతగా ఉంది మామూ. సుబ్బరాయుడిని చూస్తే వచ్చిన రోత వేరు. వాడు ఎవడో, వాని తిండి వాడు తింటున్నాడు అనుకున్నాను. మీ ఉత్తరం చదివితే వచ్చిన రోత గొంతు దిగడం లేదు. నేను అడిగినదానికి మీరు జవాబు రాయలేదు. మా ఇంటికి పెట్టిన ముద్దలు లెక్క రాశారు. ఏమీ తెలియనివాడు అట్లా రాయడు.

మీకు వినపడకపోవచ్చు, కనపడుతుంది కదా. నేను పంపిన ప్రింటు మీ కళ్ళతో చూశారు. చూశాకే కదా ఫయాజ్‌ను కువైట్‌కు పొమ్మన్నారు?

అవునో కాదో ఒక్క మాట రాయండి. మళ్ళీ చీనీకాయలు పంపకండి.

నౌషీన్


పులివెందుల,
21 సెప్టెంబరు 2025

నౌషీన్‌కు,

అవును.

మిగిలింది కూడా రాస్తాను. చదువుతావో చించేస్తావో నీ ఇష్టం.

రెండేళ్ళ కింద సుబ్బరాయుడు మొదటి బండి తెచ్చాడు. నంబరు తుప్పు పట్టింది, మళ్ళీ కొట్టాలి అని లెటర్. చూస్తే తుప్పు లేదు, నంబరు అద్దంలా ఉంది. అదే మాట చెప్పాను. "లెటర్లో తుప్పు ఉంది కదప్పా. నీకు కనపడకపోతే కళ్ళద్దాలు మార్పించుకో" అన్నాడు. మామూలుగా వచ్చేదానికి మూడింతలు ఇచ్చాడు. ఆ దుడ్లు యాడివని అడిగితే, "సర్కారువే, రక్షణ నిధివి, హలాల్" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

పాత నంబరు గ్రైండర్‌తో చెరిపి, యాక్సిడెంట్‌లో తుక్కయిపోయిన బండి నంబరు కొడతాను. దానితో దొంగబండికి మంచి కాగితాలు వచ్చేస్తాయి. పోయిన బండ్లు ఏవో సెల్ వాళ్ళకే ముందు తెలుస్తుంది, ఎందుకంటే ఫిర్యాదులు వచ్చేది వాళ్ళ దగ్గరికే, తొక్కిపెట్టేదీ వాళ్ళే. కంచే చేను మేసింది. ఆ కంచెలో నేనూ ఒక ముల్లును.

మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటుంది. ఏ నంబరైనా చెరిపే ముందు దాని ప్రింటు తీసి పుస్తకంలో అంటించి తేదీ వేయాలి. మంచిపనికీ అంతే, చెడ్డపనికీ అంతే. చెయ్యి అలవాటు పడిపోయి ముప్పై ఒక్కటీ తీసి పెట్టాను. ఆ పుస్తకం ఉందని సుబ్బరాయునికి తెలియదు.

ఆగస్టు రెండున తెల్లకారు తెచ్చి బానెట్ ఎత్తి పెట్టాడు. ఫయాజ్ నన్ను అదే కారులో కడపకు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. అయినా గుర్తుపట్టలేదు. సీటు కవర్లు తీసేశారు, అద్దం మీద రాసిన సమీరా పేరు గీకేశారు. పైగా నేను బండిని చూడను. చూస్తే కొట్టలేనని నాకు నేను పెట్టుకున్న షరతు అది. నాలుగు రోజులకు నీ కవరు వచ్చింది. నీ ప్రింటును నా పుస్తకంలో చివరి ప్రింటు పక్కన పెట్టాను. ఒక్కొక్క అంకె చూసుకుంటూ పోయాను. ఎక్కడో ఒక్క అంకె తేడా ఉండాలని దువా చేశాను.

ఆ పొద్దు బండి ఇంకా ఇక్కడే, వేంపల్లె రోడ్డు షెడ్డులో ఉంది. పద్దెనిమిదో తేదీ దాకా ఉంది. నేను అప్పుడే నోరు తెరిచి ఉంటే ఫయాజ్ పోయేవాడు కాదు. భయపడ్డాను. జైలుకంటే నీకు భయపడ్డాను. వాడు విమానం ఎక్కేస్తే ఎవరికీ చెప్పే పని ఉండదనుకున్నాను.

నువ్వు కట్టించుకున్న ఐదు వందల్లోంచే, ఫయాజ్ కట్టిన ఐదు వందల్లోంచే నాకు కూలి ఇచ్చారు బిడ్డా. వాని బండి నంబరు చెరపడానికి వాడే దుడ్లు కట్టాడు. 

రేపు పుస్తకం తీసుకుని కడప పెద్దాఫీసుకు పోతున్నాను. ఏం చేస్తారో తెలియదు.

మున్వర్


ప్రొద్దుటూరు,
20 డిసెంబరు 2025

మున్వర్ మామూకు,

మిమ్మల్ని సాక్షిగా తీసుకుని ఇంటికి పంపించారని, అనుమతి మాత్రం రద్దు చేశారని తెలిసింది. మీరు కడపకు పోయినందుకు నేను మెచ్చుకోను. నలభై రోజులు ముందు పోయి ఉంటే మెచ్చుకునేదాన్ని.

కారు దొరికింది. బళ్ళారిలో ఒక కంట్రాక్టరు దగ్గర. ఆయన కాగితాలు మా కాగితాల కంటే శుభ్రంగా ఉన్నాయి. నంబరు పరీక్షించడానికి వచ్చిన ఆయన మీరు కొట్టింది చూసి, "ఇది కంపెనీ కొట్టిందే, ఎవరూ ముట్టుకోలేదు" అని రాయబోయాడట. మీ పుస్తకం చూపిస్తే గానీ నమ్మలేదు. అంత గొప్పది మీ పనితనం. 

కోర్టు బండిని వదిలాక అనంతపురం నుంచి ఒకాయన వచ్చి పాత నంబరు కొట్టాడు. ఆ తర్వాత మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయాలన్నారు. సెల్ ఆఫీసుకు తాళం పడింది, సుబ్బరాయుడు సస్పెండ్. అయినా రక్షణ నిధి రద్దు చేస్తూ కాగితం రాలేదు. అమ్మీ నా కౌంటరు ముందు వరుసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి ఐదు వందలు తీసి పెట్టి, "ఇది దేనికే నౌషీన్?" అని అడిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కట్టించుకోకపోతే బండి పేరెక్కదు. కట్టించుకున్నాను. ఆ పొద్దు అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు కారు గుడ్డ కప్పుకుని ఇంటి ముందు ఉంది. తోలేవాడు లేడు. ఫయాజ్ రెండేళ్ళ అగ్రిమెంటు మీద సంతకం పెట్టాడు, మధ్యలో వస్తే జీతం పోతుంది, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. అమ్మేయమంటున్నాడు.

నేను రాయాల్సింది ఇదంతా కాదు.

పేపర్లో మీ గురించి వేశారు. నంబర్ల మోసాన్ని బయటపెట్టిన పులివెందుల మెకానిక్ అని. ఆ నంబర్లు కొట్టిందెవరో వేయలేదు. ఫయాజ్ అది ఫోన్లో చదివాడు. నిన్న జీతం పంపించి నాకు ఫోన్ చేశాడు. "ఆపా, దీంట్లో ఐదు వేలు మామూకు ఇయ్యి. నా బండి కోసం ఆయప్ప నోటికాడి కూడు పోగొట్టుకున్యాడు. రూములో అందరికీ పేపర్ చూపించినా, ఈయప్ప మా మామూ అని చెప్పినా" అన్నాడు. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను. సిగ్నల్ పోయిందనుకుని వాడే పెట్టేశాడు.

అమ్మీకి అంతా తెలుసు. మీ పేరు ఎత్తడం మానేసింది. కానీ వానికి చెప్పొద్దంటుంది. "వాడు ఆడ ఒంటిగా ఉండాడు. బండీ దూరమాయె, బిడ్డా దూరమాయె. మేనమామ అన్నా మిగలనీ" అంటుంది. అది అమ్మీ మాట. నేను ఆ మాట మీద ఎన్ని రోజులు నిలబడగలనో తెలియదు. వాడు వారం వారం మిమ్మల్ని పొగుడుతాడు, నేను ఊఁ కొడతాను. ఊఁ కొట్టిన ప్రతిసారీ నేను కూడా మీ పక్కన నిలబడి ఆ గ్రైండర్ పట్టుకున్నట్టు ఉంటుంది.

ఐదు వేలు నేను ఇవ్వను. నా నోటితో వానికి చెప్పను కూడా. చెప్పాల్సింది మీరు. వాని అడ్రసు రాస్తున్నాను.

ఫయాజ్ అహ్మద్, డ్రైవర్ రూము, ఇల్లు 19, వీధి 6, బ్లాక్ 2, జహ్రా, కువైట్.

ఉత్తరం చేరడానికి పన్నెండు రోజులు పడుతుందట. వాడు తెలుగు బాగానే చదువుతాడు, ఎవరితోనూ చదివించుకోవాల్సిన పని లేదు.

నౌషీన్